పుంగనూరు కమలాక్షి మూడు చెవులు

మదనపల్లె మార్కెట్టులో టమాటా మీద ఈగ వాలినా, కుప్పం దగ్గర నీళ్ల ట్యాంకు మీద కాకి వాలినా, పుంగనూరులో మిద్దె మీద కూర్చున్న మా అవ్వ కమలాక్షికి వినపడేది. ఏది ఈగో ఏది కాకో చెప్పడం పెద్ద సంగతి కాదు. ఈగ ఆకలితో వాలిందో ఊరికే వాలిందో కూడా చెప్పేది. దేవుడు లోకంలో అందరికీ రెండేసి చెవులిచ్చి చేతులు దులుపుకున్నాడు గానీ, మా అవ్వ దగ్గరికి వచ్చేసరికి ఇంకోటి కలిపి మూడు ఇచ్చాడు. వాటినీ ఒకే చోట పెట్టలేదు. ఒకటి హార్స్లీ హిల్స్ మీద, ఒకటి పుంగనూరు మిద్దె మీద, ఒకటి కుప్పం దారిలో గుట్ట మీద పెట్టాడు. ఈ మాట నమ్మలేని వాళ్లు ఇప్పుడే లేచిపోతే వాళ్లకూ మంచిది, మాకూ మంచిది.

చెవుల సంగతి తర్వాత. ముందు మనిషి.

కమలాక్షి పుంగనూరు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఇరవై ఎనిమిదేళ్లు ట్రంకు బోర్డు మీద పనిచేసింది. ఆ కాలంలో పక్క ఊరికి ఫోను చేయాలన్నా ముందు ఆమెకు చెప్పుకోవాలి. ఆమె చీటీ రాసుకుని, తల మీద హెడ్‌ఫోను సర్దుకుని, ఎదురుగా గోడంత బోర్డులో ఒక త్రాడు ఈ కన్నంలో, ఇంకో త్రాడు ఆ కన్నంలో గుచ్చి "మాట్లాడండి" అంటే రెండు ఊళ్లు కలిసేవి. మూడు నిమిషాలు కాగానే, అవి పెళ్లి మాటలైనా చావు కబురైనా సరే, మధ్యలో దూరి "త్రీ మినిట్స్ ఓవర్" అనేది. పుంగనూరులో ఎవరి సంబంధం ఎందుకు తప్పిపోయిందో అందరికంటే ముందు ఆమెకే తెలుసు. ఒక్కటీ బయటికి చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ ఒక్క విషయంలో ఇంటిల్లిపాదికీ ఆమె మీద ఇప్పటికీ కోపమే.

అసలు ఆమె పనితనం మాటలు వినడంలో లేదు, లైను వినడంలో ఉంది. పుంగనూరు నుంచి కుప్పానికి మూడు లైన్లు పోయేవి. ఒకటి గాలి వీస్తే ఊళ వేసేది. ఒకటి వాన పడితే గరగరలాడేది. మూడోది ఏ కారణమూ లేకుండా పాములా బుసకొట్టేది. ఫోను కలిపే ముందు కమలాక్షి మూడింట్లోనూ ఒక్కో క్షణం ప్లగ్గు పెట్టి తీసి, ఆ పూటకు ఏది మంచిదో దాన్ని పట్టుకునేది. కొత్తగా చేరిన అమ్మాయిలు "ఎట్ల తెలుస్తాదక్కా నీకు" అని అడిగితే "యింటే తెలుస్తాది" అనేది. అంతకు మించి ఆమెకే తెలియదు.

తొంభై నాలుగులో పుంగనూరుకు ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. జనం ఎవరి నంబరు వాళ్లే తిప్పుకోవడం మొదలుపెట్టారు. పాత బోర్డును విప్పి వ్యానులో వేసుకుపోయారు. కమలాక్షిని కంప్లైంట్ల కుర్చీలో కూర్చోబెట్టారు. అంటే, ఫోను చెడిపోయిన వాళ్లు వచ్చి తిట్టిపోతే రిజిస్టరులో రాసుకునే కుర్చీ. పాత సామాన్ల వేలంలో ఆమె తన హెడ్‌ఫోనునూ, నాలుగు ప్లగ్గు త్రాళ్లనూ, అవి గుచ్చే ఒక పలకనూ కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంది. దేనికని ఎవరైనా అడిగితే జవాబు చెప్పలేదు. ఆ త్రాళ్లను ఏళ్ల తరబడి బట్టలు ఆరేసుకోవడానికి కూడా ఎవరికీ ఇవ్వలేదు.

ఆమెను ఆ కుర్చీలోంచి లేపింది లైన్‌మన్ కదిరప్ప. పుంగనూరు నుంచి కుప్పం దాకా ప్రతి టెలిఫోను స్తంభాన్నీ ఎక్కి దిగిన మనిషి. కాళ్లు గట్టివి, గొంతు మాత్రం బొత్తిగా చిన్నది. స్తంభం మీద నుంచి ఆయన ఏదైనా చెప్తే, కింద ఉన్నవాళ్లు ఆయన దిగివచ్చి మళ్లీ చెప్పేదాకా ఆగేవాళ్లు. ఆయన ఒకరోజు కంప్లైంట్ల కుర్చీ దగ్గరికి వచ్చి చెప్పాడు.

"అక్కా, మదనపల్లెలో ఒక లెక్చరరు సారు ఉండాడు. ఆదివారం ఆదివారం రేడియోలో మాట్లాడేది నేర్పిస్తాండాడంట. తీగ లేదు, స్తంభం లేదు. పరీక్ష రాస్తే గవర్నమెంటే లైసెన్సు ఇస్తాది."

"తీగ లేకుంటే నీకు ఆడ ఏం పనప్పా?"

"మోకాళ్లు పోయినాయి గదక్కా. తీగ లేనిదే మేలు."

ఇద్దరూ పోయారు. లెక్చరరు పేరు వెంకటరమణప్ప. ఫిజిక్సు చెప్పి రిటైరైన పెద్దమనిషి, మదనపల్లె హ్యాము రేడియో క్లబ్బుకు ప్రెసిడెంటు. హ్యాములంటే జీతం కోసం కాకుండా సరదా కోసం, నలుగురికి అక్కరకొస్తామని రేడియోలో మాట్లాడుకునే వాళ్లు. యాభై దాటిన కమలాక్షి చుక్కల గీతల భాష నేర్చుకుని, బెంగళూరు పోయి పరీక్ష రాసి పాసైంది. అదే పరీక్షలో డిగ్రీ చదివిన పిల్లలు ముగ్గురు తప్పారు. ఈ ముక్క రాస్తున్న వాళ్లు పదో తరగతే రెండు దండయాత్రల్లో గట్టెక్కారు కాబట్టి ఆ ముగ్గురినీ ఏమీ అనడం లేదు.

లైసెన్సు ఇచ్చే ముందు ఒక కానిస్టేబులు విచారణకు ఇంటికి వచ్చాడు.

"ఈ వయసులో రేడియోలో ఎవరితో మాట్లాడతావమ్మా?"

"పలికినోళ్లతో."

"ఏం మాట్లాడతావు?"

"ముందు వాళ్లేం చెప్తారో యిని గదా నాయనా, నేను మాట్లాడేది."

ఆయన అదే రాసుకుని పోయాడు. ఏడాదిన్నరకు ఢిల్లీ నుంచి లైసెన్సు వచ్చింది. కదిరప్పకూ వచ్చింది. ఆయన అప్పటికి రిటైరై కుప్పంలో కొడుకు దగ్గర చేరిపోయాడు.

చేతిలో పట్టుకునే రేడియో సెట్టు బలం ఎంతంటే, సైకిలు డైనమో వెలుగంత. ఊళ్లో ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. మధ్యలో ఒక గుట్ట అడ్డమొస్తే అక్కడే ఆగిపోతుంది. అందుకని క్లబ్బు వాళ్లు హార్స్లీ హిల్స్ మీద, ఒక గవర్నమెంటు ఆఫీసుకు చెందిన చిన్న గదిలో ఒక డబ్బా పెట్టారు. దాన్ని రిపీటరు అంటారు. అది ఒక చెవితో వింటూ, విన్నదాన్ని అదే క్షణంలో పెద్ద నోటితో మళ్లీ చెప్తుంది. వినేది ఒక స్టేషను మీద, చెప్పేది ఇంకో స్టేషను మీద. లేకపోతే తన కేకే తన చెవిలో పడి డబ్బాకు పిచ్చెక్కుతుంది. నోటికీ చెవికీ మధ్య అడ్డుగా రాగి గొట్టాలు కావాలి. వాటిని మదనపల్లె రేడియో మెకానిక్కు మునిశేఖర్ బిందెలు చేసే ఆయన దగ్గర కూర్చుని చేయించాడు. ఆ బిందెలాయనకు ఎంత చెప్పినా, నీళ్లే పోయని వాటికి అడుగున ఎందుకు నీళ్లు కారకూడదో అర్థం కాలేదు గానీ, నీళ్లు కారకుండానే చేసి ఇచ్చాడు.

అంత ఎత్తు మీద నుంచి ఆ డబ్బా మాట్లాడితే అంగళ్లు, వాల్మీకిపురం, పుంగనూరు అన్నీ పలికేవి. కుప్పం మాత్రం పలికేది కాదు. వెంకటరమణప్ప సారుకు వాట్లంటే ప్రాణం. మాట పోలేదంటే బలం చాల్లేదని ఆయన లెక్క. పది వాట్ల డబ్బాను ఇరవై ఐదు చేయించాడు. ఇరవై ఐదును యాభై చేయించాడు.

దాంతో కుప్పానికి అంతా వినపడటం మొదలైంది. కుప్పం మాట మాత్రం ఎవరికీ వినపడలేదు. ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి కమలాక్షి హాజరు పిలిచేది. ఒక్కో ఊరు పలికేది. "కుప్పం, కదిరప్పా, ఉండావా" అని పిలిచి చెవి పెట్టి కూర్చునేది. బుస తప్ప ఇంకేమీ ఉండేది కాదు. మంగళవారానికి కదిరప్ప దగ్గర నుంచి పోస్టుకార్డు వచ్చేది. "ఆదివారం మీరు మాట్లాడినదంతయు వినపడినది. నేను పలికినది మీకు వినపడలేదని కూడ వినపడినది." అట్లాంటి కార్డులు పదకొండు వచ్చాయి. వెంకటరమణప్ప సారు నూరు వాట్లు చేద్దామన్నాడు.

"సార్, ఆయనకు మన నోరు యినపడ్తానే ఉండాది," అంది కమలాక్షి. "నోరు పెంచితే ఆయనకు చెవిపోటు వస్తాది గానీ, మనకేం వస్తాది? కావాల్సింది చెవి. ఆయన దగ్గరగా ఇంకో చెవి."

సారు నవ్వి ఊరుకున్నాడు. చెవికి వాట్లుండవు కాబట్టి ఆయన మనసు దాని మీదికి పోలేదు.

తొంభై ఏడు చివర్లో కొండ మీది ఆఫీసుకు దొరస్వామి అని కొత్త ఆఫీసరు వచ్చాడు. గదిలో డబ్బా చూసి, ఇదెవరిది, ఎందుకుంది, తీసేయండి అన్నాడు. క్లబ్బు వాళ్లు ముగ్గురు కొండెక్కి ఆయన ముందు నిలబడ్డారు. సారు, మునిశేఖర్, కమలాక్షి. సారు వాట్ల గురించి మొదలుపెట్టబోయాడు. దొరస్వామి చెయ్యెత్తి ఆపాడు.

"మా మనుషులు కుప్పం దాకా ఉండారు. ఫోను చెడిపోతే వాళ్ల కబురు నాకు రెండు రోజులకు వస్తాది. కుప్పంలో మా మనిషి ఒక మాట చెప్తే మీ డబ్బా నాకు ఈడ చెప్తాదా? చెప్తే గది మీదే. లేకుంటే దించుకోండి."

సారు గొంతు సవరించుకునే లోపల కమలాక్షి అనేసింది. "చెప్తాది."

"ఎప్పుడమ్మా?"

"మూడు నెలలు ఇప్పించండి."

"మార్చిలో మొదటి బుధవారం. పదకొండు గంటలకు. మా మునస్వామి కుప్పంలో ఒక చీటీ రాసిస్తాడు. అందులో ఏముంటాదో నాక్కూడా తెలీదు. మూడుసార్లు చదవనిస్తా. ఈడ యినపడితే సరే."

కొండ దిగేటప్పుడు సగం మలుపులు దాటాక వెంకటరమణప్ప సారు, "కమలాక్షమ్మా, డబ్బా పోతే మూడేళ్ల పని పోతాది" అన్నాడు.

"పోతే నా మాట పోతాది సార్. డబ్బాను మీరు ఇంకో కొండ మీద పెట్టుకోవచ్చు."

ఆమె కదిరప్పకు కార్డు రాసింది. కుప్పం కనపడాలి, పుంగనూరు వైపూ కనపడాలి, కరెంటు ఉండాలి, అట్లాంటి గుట్ట ఎక్కడుంది అని. పాతికేళ్లు స్తంభాలెక్కిన మనిషికి ఏ గుట్ట మీద నుంచి ఏ ఊరు కనపడుతుందో మ్యాపు అక్కర్లేదు. పలమనేరు దాటాక ఒక గుట్ట, దాని మీద నీళ్ల ట్యాంకు, ట్యాంకు పక్కన కాపలా గది, ఆ గదిలో కరెంటు అని నాలుగు ముక్కల్లో జవాబు వచ్చింది. ఆ గుట్ట మీద మునిశేఖర్ ఒక రిసీవరు పెట్టాడు. వినడమే దాని పని. విన్నదాన్ని ఒక సన్నటి ఏరియల్‌తో నేరుగా పుంగనూరు మిద్దె వైపు గురిపెట్టి పంపిస్తుంది. ఆకాశం తేటగా ఉంటే మిద్దె మీద నుంచి హార్స్లీ హిల్స్ నీలంగా కనపడుతుంది. కాబట్టి కొండ మీది చెవి విన్నదీ మిద్దెకే వచ్చేట్టు చేశాడు. మిద్దె మీదే ఇంకో చెవి పెట్టాడు. అట్లా మూడు చెవులు విన్నది కమలాక్షి గదికి చేరేది. ఆమె మూడింట్లో మంచిదాన్ని ఎంచి పంపిస్తే, అది కొండకు పోయి, కొండ దాన్ని అన్ని ఊళ్లకూ చెప్పేది.

ఎంచడం దేనితో? పాత ఎక్స్ఛేంజి ప్లగ్గులతో. అదే హెడ్‌ఫోను, అవే త్రాళ్లు. ఇన్నేళ్లూ వాటిని ఎందుకు దాచిందో ఇంట్లో వాళ్లకు అప్పుడు తెలిసింది. ఆమెకు కూడా అప్పుడే తెలిసిందని కొందరి అనుమానం.

ఫిబ్రవరి మొదటి ఆదివారం హాజరు పిలిచేటప్పుడు, "కుప్పం, కదిరప్పా, ఉండావా" అంది. మూడో త్రాడు గుచ్చింది. చెవి పెట్టింది.

"ఉండానక్కా," అన్నాడు కదిరప్ప. "ఇన్ని దినాలుగా ఉండానక్కా."

అంతా అయిపోయినట్టే అనుకున్నారు. కానీ వెంకటరమణప్ప సారుకు ఒక దిగులు పట్టుకుంది. "ఆఫీసరు వచ్చి చూస్తే ఒకమ్మ కూర్చుని త్రాళ్లు మారుస్తా ఉంటే ఏం బాగుంటాది? ఆటోమేటిక్ అని చెప్పుకోవాల. శేఖరా, త్రాళ్లు మార్చే పని చేసే డబ్బా ఒకటి కట్టు."

"ఆటోమేటిక్ అనే మాట నేను ముందు కూడా ఒకసారి యిన్నా సార్," అంది కమలాక్షి.

మునిశేఖర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. వాడు మంచివాడు. "నీకు రెస్టు ఉంటాది గదక్కా" అన్నాడు. నెల తిరక్కుండా డబ్బా కట్టి తెచ్చాడు. మూడు చెవులకు మూడు చిన్న దీపాలు. ఏ చెవిలో శబ్దం గట్టిగా ఉంటే దాని దీపం వెలిగి ఆ చెవి పట్టుకుంటుంది. ఆదివారం పెట్టి చూశారు, బాగా పనిచేసింది. ఇంకో ఆదివారం చూశారు, ఇంకా బాగా చేసింది. కమలాక్షి పాత త్రాళ్లను మాత్రం విప్పనివ్వలేదు. "ఉండనీలే, అవేమన్నా అన్నం అడుగుతాండాయా" అంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. క్లబ్బులో అందరికీ వారమంతా ఉద్యోగాలో, అంగళ్లో. సరదా పని కాబట్టి ఏం చేసినా ఆదివారమే చేసేవాళ్లు. గుట్ట ఎక్కింది ఆదివారం, ఏరియల్ కట్టింది ఆదివారం, డబ్బాను పరీక్షించింది ఆదివారం. మిగిలిన ఆరు రోజుల్లో పుంగనూరు పగలు ఎట్లా ఉంటుందో వాళ్లలో ఒక్కరి రేడియోకూ తెలియదు. దొరస్వామి పెట్టిన పరీక్ష బుధవారం.

బుధవారం కమలాక్షి లీవు పెట్టి ఇంట్లో ఉంది. పక్కన మునిశేఖర్. సారు కొండ మీద దొరస్వామి దగ్గర. కదిరప్ప కుప్పం బస్టాండు పక్కన, ఆఫీసరు మనిషి మునస్వామితో. పదకొండు కొట్టింది. గుట్ట చెవి దీపం ఒక్క క్షణం వెలిగింది. కదిరప్ప "హలో" అన్నది వినపడిందో లేదో, కింద వీధిలో ఫట్ ఫట్ ఫట్ అని నీలం వెలుగు మెరిసింది. పక్కింటి మునిరత్నం వెల్డింగు షాపు. ఆదివారం మూత, బుధవారం తెరుపు. గేటుకు కడ్డీలు అతికిస్తున్నాడు.

మిద్దె మీది చెవికి ఆ నిప్పురవ్వల గోల అంతా పట్టింది. డబ్బాలో మిద్దె దీపం భగ్గున వెలిగి అట్లే నిలిచిపోయింది. గట్టిగా ఉన్నదాన్ని పట్టుకో అని చెప్పారు కదా, అది గట్టిగా పట్టుకుంది. కుప్పం మాటకు బదులు పుంగనూరు వెల్డింగు కొండకు పోయి, కొండ మీద నుంచి యాభై వాట్లతో జిల్లా పడమర సగానికి వినిపించింది.

"అక్కా, ఇదేందక్కా ఇట్ల చేస్తాండాది," అని మునిశేఖర్ డబ్బా మీద రెండు దెబ్బలు వేశాడు. "నేను పోయి మునిరత్నాన్ని ఆపిస్తా" అని మెట్ల మీద పరుగెత్తాడు. మునిరత్నం సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. మొదలుపెట్టిన అతుకు పూర్తయ్యేదాకా సొంత తండ్రి పిలిచినా కళ్లద్దం ఎత్తడు.

కమలాక్షి ఒక్కతే మిగిలింది. హెడ్‌ఫోను తల మీద పెట్టుకుంది. ముప్పై ఏళ్ల అలవాటు చేతికే ఉంది. మొదటి కన్నంలో ప్లగ్గు పెట్టింది. కొండ చెవి. వెంకటరమణప్ప సారు చేతి సెట్టులో "పుంగనూరు, పుంగనూరు, ఏమ్మా ఇది" అని చిన్నపిల్లాడిలా పిలుస్తున్నాడు. తీసింది. రెండోదాంట్లో పెట్టింది. వెల్డింగు. తీసింది. మూడోదాంట్లో పెట్టింది. ముందు బస్సు హారను. దాని కింద ఎక్కడో అడుగున, బావిలోంచి వచ్చినట్టు, కదిరప్ప గొంతు. "రెండుసార్లు చదివినా. ఇప్పుడు మూడోసారి చదువుతాండాను."

దొరస్వామి ఇచ్చింది మూడుసార్లే.

ఆమె డబ్బా మొహం చూడలేదు. కొండకు పోయే త్రాడును డబ్బాలోంచి లాగేసింది. మూడో చెవిలో గుచ్చింది. వెల్డింగు టక్కున ఆగిపోయింది. షాపులో కాదు, రేడియోలో. ఆ తర్వాత మదనపల్లె నుంచి కుప్పం దాకా సెట్టు పెట్టుకున్న ప్రతి మనిషికీ కదిరప్ప చిన్న గొంతు పక్కన కూర్చుని చెప్తున్నట్టు వినపడింది. చీటీలో ఉన్నది ఉన్నట్టు చదివాడు.

"అయ్యా, నేను పెట్టిన లీవు చీటీ పద్దెనిమిది రోజులుగా మీ టేబులు మీదనే ఉండాది. మా చెల్లెలి పెండ్లి వచ్చే బుధవారం. దయచూడవలెను. ఇట్లు, కుప్పం మునస్వామి. ఓవర్."

కమలాక్షి త్రాడును మొదటి చెవికి మార్చింది. కొండ మీద ఏమంటారో అందరికీ వినపడాలి కదా. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత తెలిసింది, దొరస్వామి టేబులు మీద కాగితాలు ఎత్తి చూస్తున్నాడని. నాలుగు ఫైళ్ల కింద ఆ చీటీ ఉంది.

సారు చేతిలో సెట్టు అందుకుని ఆఫీసరు అన్నాడు. "మునస్వామీ, లీవు శాంక్షను. పెండ్లి చూసుకునే రాప్పా." తర్వాత సారు వైపు తిరిగాడు. "లెక్చరరు సార్, గది కూడా శాంక్షనే. ఇంతకూ కుప్పం మాట అంత శుభ్రంగా పట్టించింది ఎవరు?"

ఇక్కడ వెంకటరమణప్ప సారు గొప్పతనం చెప్పాలి. ఆయన వాట్ల పేరు ఎత్తలేదు. "పుంగనూరు కమలాక్షమ్మ చెవి" అన్నాడు. అక్కడితో ఆపి ఉంటే ఇంకా గొప్పగా ఉండేది. క్లబ్బు పుట్టుక దగ్గర నుంచి వందన సమర్పణ మొదలుపెట్టాడు. కమలాక్షి గోడ గడియారం చూస్తూ కూర్చుంది. సరిగ్గా సమయం కాగానే మైకు నొక్కి "త్రీ మినిట్స్ ఓవర్" అని త్రాడు తీసేసింది. నాలుగేళ్ల తర్వాత ఆ మాట అనడం. అప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయని మునిశేఖర్ చెప్తాడు. వెల్డింగు వెలుగు చూసినందుకని ఆమె చెప్తుంది.

మునిశేఖర్ మెట్లెక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది. వాడి వెనకే మునిరత్నం కూడా వచ్చాడు, నొసటి మీదికి ఎత్తిన నల్ల కళ్లద్దంతో. "నేను చేసిన తప్పేందక్కా, నా షాపులో నేను గేటు చేసుకుంటాండా" అన్నాడు.

"నీ తప్పేం లేదప్పా. మేమే ఆదివారం మనుషులం."

మునిశేఖర్ తన డబ్బా ముందు కూలబడ్డాడు. "అక్కా, ఆ గోలలో కదిరప్పను ఎట్ల పట్టినావు? గొంతు లేని మనిషి గదా ఆయన. మూడింట్లో అన్నిటికంటే సన్నంగా ఉండేది ఆయనే."

యింటే తెలుస్తాది అనబోయింది. ఈసారి ఆగింది. వాడి మొహం చూసి, మళ్లీ హెడ్‌ఫోను పెట్టుకుని, ఒక్కో చెవినీ విని తీసి, తనలో తానే అనుకుంటున్నట్టు చెప్పింది.

"నేను మాటను యినను రా శేఖరా. మాటకూ మాటకూ మధ్యలో సందు ఉంటాది సూడు, దాన్ని యింటా. మంచి లైనులో ఆ సందు ఖాళీగా ఉంటాది. చెడ్డ లైనులో ఆ సందులో బుస ఉంటాది. ఎవడు గట్టిగా ఉండాడని కాదు, ఎవడి ఎనకాల బుస తక్కువ ఉండాదని సూడాల."

మునిశేఖర్ జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి దాని వెనక ఏదో బొమ్మ గీసుకున్నాడు. మనిషి గొంతు ఒక ఎత్తు దాటి పైకి పోదు. బుస మాత్రం ఆ ఎత్తుకు పైన కూడా ఉంటుంది. పైన ఉన్నదాన్ని ఒక్కదాన్నే వడగట్టి కొలిస్తే, ఎందులో తక్కువుందో డబ్బాకూ తెలుస్తుంది. రెండు వారాలు కూర్చుని డబ్బాను మళ్లీ కట్టాడు. ఈసారి ఆదివారం కాదు, నాలుగు రోజులు పనిదినాల్లో పరీక్ష పెట్టారు. మునిరత్నాన్ని బతిమాలి మరీ వెల్డింగు చేయించారు. కమలాక్షి డబ్బాకు వీపు పెట్టి కూర్చుని తన చెవితో ఒకటి ఎంచేది. ఎంచాక వెనక్కి తిరిగి ఏ దీపం వెలిగిందో చూసేది. నూరుసార్లు చూస్తే తొంభై ఎనిమిది సార్లు ఇద్దరిదీ ఒకే మాట. మిగిలిన రెండుసార్లూ డబ్బాదే తప్పని ఆమె అప్పుడూ అంది, ఇప్పుడూ అంటుంది.

నాలుగో రోజు సాయంత్రం ఆమె పాత త్రాళ్లను తానే విప్పి చుట్టి బీరువాలో పెట్టింది. ఎక్స్ఛేంజి బోర్డును విప్పి తీసుకుపోయినప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. ఈసారి తన పని దేనికి అప్పగిస్తున్నదీ ఆమెకు తెలుసు. తన చెవినే దానిలో పెట్టి ఇచ్చింది.

ఆ తర్వాత వాల్మీకిపురం వైపు ఇంకో చెవి కలిసింది. రెండువేల ఐదులో వారం పాటు వానలు పట్టి ఫోన్లు మూగబోయినప్పుడు, పలమనేరుకూ కుప్పానికీ మధ్య దారిలో ఆగిపోయిన రెండు బస్సుల కబురు ముందు చేరింది ఈ చెవుల దారినే. దొరస్వామి అప్పటికి బదిలీ అయిపోయాడు. ఆయన తర్వాత వచ్చిన ఆఫీసరు ఎవరూ డబ్బా తీయమనలేదు. కొండ మీది గది తలుపు మీద ఎవరో సుద్దముక్కతో "కమలాక్షమ్మ చెవి" అని రాశారు. వానకు చెరిగినప్పుడల్లా మళ్లీ ఎవరో రాస్తారు. అది వెంకటరమణప్ప సారు చేతిరాతేనని అందరికీ తెలుసు.

ఇదంతా రాసి, మనవరాలు ఒక మధ్యాహ్నం అవ్వ పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించింది. కమలాక్షి కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి, లైను చూసేటప్పుడు వినేట్టే విన్నది. మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. అయిపోయాక కూడా కాసేపు కళ్లు తెరవలేదు. బాగుందా అని అడిగితే తెరిచింది.

"ఈగదీ కాకిదీ కొట్టెయ్, అబద్దం. మిగిలింది ఉండనీ. మూడు నిమిషాలు ఎప్పుడో అయిపాయ, ఇంక పెట్టెయ్."